గాండర్ కొండ మీదికి బ్రేకుల కబురు

కెటిల్ క్రీక్, ఐడహో
జులై 1, 1979

గాండర్ కొండ శిఖరాన, నాలుగు వైపులా అద్దాలున్న గదిలో కొలువుదీరి, అడవిలో ఎక్కడ పొగ లేచినా వైర్‌లెస్‌లో కింది లోకాన్ని మేల్కొలిపే మా పెద్దమ్మ శ్రీమతి లియోటా గారి సముఖానికి, వారి చెల్లెలి కొడుకు, తత్వశాస్త్ర పట్టభద్రుడు, ప్రస్తుతం ఏ పనీ లేనివాడు అయిన రోలీ తలవంచి చేసుకునే మనవి.

ఇక్కడ మనుషులందరం క్షేమం. నీ పికప్ ఒక్కటే క్షేమం కాదు. నువ్వు కంచరగాడిదెక్కి కొండకి వెళ్ళిపోయిన మర్నాడే డెల్బర్ట్ తన ట్రాక్టరు తెచ్చి, ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర గుంటలోంచి దాన్ని పైకి లాగాడు. తెచ్చి మా పెరట్లో, అమ్మ బీన్స్ పాదుల పక్కన దింపి పోయాడు. కుడివైపు ముందు చక్రం మీద బరువు మోసే కమాన్ కట్టలో పెద్ద పట్టీ విరిగింది. బండి ఆ మూలకి ఒరిగిపోయి, చర్చిలో ప్రసంగం మధ్య కునుకు తీస్తున్న పెద్దమనిషిలా ఉంది.

వెళ్తూ వెళ్తూ నువ్వు నాకు అప్పగించిన పని మర్చిపోలేదు. దిగుడులో బ్రేకు పెడలు నేల దాకా దిగిపోయింది, అందుకే గుంటలోకి తిప్పాల్సి వచ్చింది, కారణం కనిపెట్టి బాగుచెయ్యి, సెప్టెంబరులో నేను దిగేసరికి బండి నడవాలి అన్నావు. అయితే ఇక్కడి వాతావరణం కూడా నీకు తెలియాలి. హార్లన్ తన వర్క్‌షాపులోంచి వచ్చి, బండి ఎక్కి, పెడలు ఒక్క తొక్కు తొక్కి, బండరాయిలా ఉందని చెప్పి పోయాడు. ఇక అమ్మని ఆపేవాళ్ళు లేరు. అక్కకి అరవై ఎనిమిదేళ్ళు, కాలు బ్రేకు మీద పడలేదు, ఇంకెక్కడో పడింది, ఇక స్టీరింగు పట్టుకోవడం చాలించి మన వెనక గదిలోకి వచ్చేయాలి అని తీర్పు చెప్పేసింది. కుట్టుమిషను అప్పుడే వరండాలోకి చేరింది. ఆ గది కిటికీకి తెరలు కుట్టడానికి గుడ్డ కూడా తెచ్చింది. పసుపుపచ్చ గుడ్డ, దాని నిండా కోడిపుంజులు.

నీ ఇల్లు వాగు వెంబడి పదిహేను మైళ్ళ పైన ఉంది. బండి లేకుండా అక్కడ బతకడం కుదరదు. ఆ సంగతి అమ్మకి తెలుసు, నీకు తెలుసు, కోడిపుంజులకీ తెలుసు. కాబట్టి ఈ కేసు ఎంత పెద్దదో నాకూ అర్థమైంది.

పని మొదలుపెట్టాను. కుడివైపు చక్రాలు రెండూ మర్యాదగా ఊడొచ్చాయి. ఎడమవైపు ముందు చక్రం మాత్రం మొండికేసింది. పానాకి గొట్టం తొడిగాను. గొట్టం మీద ఎక్కి నిలబడ్డాను. నిలబడి గెంతాను. నట్టుతోపాటు బోల్టు కూడా పుటుక్కున విరిగింది. రెండోదీ అంతే. పాత తుప్పు ప్రభావమని నా నిర్ధారణ. నాలుగేళ్ళ తత్వశాస్త్రంలో తుప్పు ప్రస్తావనే రాలేదు.

వైర్‌లెస్‌లో సొంత కబుర్లు చెప్పకూడదని మీ ఆఫీసు రూలు కాబట్టి, రెండు వారాలకోసారి నీకు సామాన్లు మోసే డెల్బర్ట్ కంచరగాడిదలే మనకి పోస్టు. వాటి దయ మీద ఆధారపడి ఉన్న

నీ రోలీ


గాండర్ కొండ
జులై 5

ఒరేయ్ రోలీ,

డెల్బర్ట్ డబ్బా పీచ్‌పళ్ళు కూరి కాల్చిన పై రొట్టె తింటున్నాడు. వాడు తినేలోపు ఇది రాసిచ్చేయాలి.

ఎడమవైపు చక్రాల నట్లు మామూలుగా ఊడదీసే వైపుకి తిప్పితే బిగుస్తాయిరా. అవతలి వైపుకి తిప్పితే ఊడతాయి. బండి ముందుకి పోతున్నప్పుడు వాటంతట అవి వదులైపోకుండా ఆ కాలంలో ఆ కంపెనీవాళ్ళు అలా చేసేవాళ్ళు. బోల్టు చివర ఎల్ అనే అక్షరం పొడిచి ఉంటుంది. అంటే నువ్వు ఊడదీయలేదు. ఒళ్ళు బలమంతా పెట్టి బిగించి విరగ్గొట్టావు. తుప్పుని ఊరికే ఆడిపోసుకోకు.

ఈ సంగతి మన లోయలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. మీ అమ్మకి మరీ బాగా తెలుసు. మా నాన్న బండికి చక్రాలు మార్చింది మేమిద్దరమే. నువ్వు గొట్టం మీద గెంతుతుంటే అది కిటికీలోంచి చూస్తూ ఊరుకుందా?

నిన్న మధ్యాహ్నమంతా పిడుగులు. గాజు కాళ్ళ పీట మీద నిలబడి, ఇనప వస్తువేదీ ముట్టుకోకుండా, మెరుపు ఎక్కడ పడిందో లెక్క పెట్టుకున్నాను. రెండు చోట్ల పొగ లేచింది. వాన వచ్చి ఆర్పేసింది. అంత పనిలోనూ నా బుర్రలో తిరిగింది ఆ పెడలు. నేను నిన్ను అడిగింది దాని గురించి. నువ్వేమో తెరల గుడ్డ గురించి రాశావు. బ్రేకుల లోపల ఏం కనిపించిందో ఒక్క ముక్క లేదు.

కోడిపుంజులంటే నాకు చిన్నప్పట్నించీ పడదు. అదీ మీ అమ్మకి తెలుసు.

డెల్బర్ట్ పళ్ళెం నాకేస్తున్నాడు. ఉంటాను.

పెద్దమ్మ


కెటిల్ క్రీక్
జులై 15

ఎడమకి కుడి, కుడికి ఎడమ అని నాకు జ్ఞానోపదేశం చేసిన గురువుగారైన పెద్దమ్మకి, కొత్త బోల్టులతో సహా శిష్యుడి వందనాలు.

ముందుగా అమ్మ మీద నువ్వు మోపిన అభియోగం. విచారణ జరిపాను. కిటికీలోంచి చూసిన మాట నిజమేనని ఒప్పుకుంది. ఎందుకు చెప్పలేదని అడిగితే, కాలేజీలో ఇప్పుడు అలా నేర్పుతున్నారేమో అనుకున్నానంది. ఈ జవాబు నమ్మాలో వద్దో తేల్చుకోలేక కేసు వాయిదా వేశాను.

తర్వాత వెనక బ్రేకు డ్రమ్ముల దగ్గరికి వెళ్ళాను. వాటిని కూడా ఆ ఎదురు నట్ల కంపెనీవాళ్ళే తయారుచేసి ఉంటారు. ఇరుసు చివర సూదిగా కోసి, దాని మీద డ్రమ్ముని కూరేశారు. లాగితే రాదు. సుత్తితో కొడితే రాదు. ప్రార్థించినా రాదు, ప్రయత్నించాను. హార్లన్ దగ్గర డ్రమ్ములు లాగే పెద్ద పుల్లరు అరువు తెచ్చి, కోపం కొద్దీ బిగించాను. కదల్లేదు. దాన్ని అలాగే వదిలేసి మెట్ల మీద కూర్చుని శాండ్‌విచ్ తింటుంటే, ఫిరంగి పేలినట్టు మోగి డ్రమ్ము ఊడొచ్చింది. ఎగిరి, దొర్లి, కోళ్ళ గూటి తలుపు తట్టింది. ఇరుసు చివరి నట్టుని రెండు చుట్లు వదలాలే తప్ప పూర్తిగా తీసేయకూడదని ఆ తర్వాత హార్లన్ తీరిగ్గా చెప్పాడు. మన ఊళ్ళో ప్రతి సలహాకీ ప్రమాదం తర్వాత నడిచొచ్చే అలవాటుంది.

ఇప్పుడు నువ్వడిగిన అసలు సంగతి. నాలుగు చక్రాలూ విప్పి చూశాను. బ్రేకు లైనర్లు బాగా ఉన్నాయి. వీల్ సిలిండర్లు పొడిగా ఉన్నాయి. గొట్టాలకి చిల్లుల్లేవు. బ్రేక్ ఆయిలు ఎక్కడా ఒక్క చుక్క కారిన మరక లేదు. డబ్బాలో ఆయిలు నిండుగానే ఉంది. నేనూ పెడలు తొక్కి చూశాను, గట్టిగానే ఉంది. కోర్టు భాషలో చెప్పాలంటే, నిందితులందరూ నిర్దోషుల్లాగే కనబడుతున్నారు. ఇక బోనులో మిగిలింది ఎవరో చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. బహుశా ఆ మూడో మలుపే అయ్యుంటుంది.

అయినా నాలుగు చక్రాలకీ వీల్ సిలిండర్లూ, పాత రబ్బరు గొట్టాలూ మార్చేస్తున్నాను. కమాన్ పట్టీ కోసం ఒక రాంచ్‌లో పడి ఉన్న పాత బండి దొరికింది. వచ్చే వారమంతా దానితో కుస్తీ.

ఇట్లు,
చేతుల మీద చర్మం తక్కువగా ఉన్న
రోలీ


గాండర్ కొండ
జులై 19

రోలీ,

డెల్బర్ట్‌కి ఇవాళ పై లేదు. వాడు బయట నిలబడ్డాడు, నేను లోపల రాస్తున్నాను.

బోనులో మిగిలింది ఎవరో చెప్పడానికి నీకు నోరు రాలేదు కానీ చెయ్యి వచ్చింది. నాకు చదువు లేకపోయినా చదవడం వచ్చు. మిగిలింది నేను. మీ అమ్మ అన్నదీ అదే, హార్లన్ అన్నదీ అదే. చుట్టూ తిప్పి నవ్విస్తూ నువ్వు చెప్పిందీ అదే.

ఇప్పుడు నాకు అన్నీ వరసగా కనబడుతున్నాయి. మొదట బోల్టులు విరిగాయి. తర్వాత డ్రమ్ము రాలేదు. ఇక పట్టీ. వేసవి అయిపోయేదాకా ఏదో ఒకటి విరుగుతూనే ఉంటుంది, నేను దిగేసరికి బండి జాకీల మీద ఉంటుంది, మీ అమ్మ వెనక గది తలుపు తెరిచి పెట్టుకుని నిలబడి ఉంటుంది. బాగుంది. ఇంతకన్నా తిన్నగా నా ముఖాన చెప్పి ఉంటే నిన్ను మెచ్చుకునేదాన్ని.

విప్పినవి విప్పినట్టే ఉంచు. ఇంకేమీ ముట్టుకోకు. సెప్టెంబరులో వచ్చి నేనే చేసుకుంటాను.

లియోటా


కెటిల్ క్రీక్
జులై 29

పెద్దమ్మా,

ఈసారి బిరుదులూ లేవు, వందనాలూ లేవు. నాకు కూడా కోపం వస్తుందని తెలియజేయడానికే.

నిజమే, అమ్మ అడిగింది. జులై మొదట్లో బీన్స్ తీగలకి నీళ్ళు పోస్తూ, తొందరేం లేదురా, వేసవంతా ఉందిగా అంది. నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆవిడకీ అర్థమైంది. ఆ పని నా వల్ల కాదన్నాను. ఆ రోజు నుంచి నాకు మధ్యాహ్నం భోజనంలో పై రావడం ఆగిపోయింది. అంటే నీ పక్షాన నిలబడినందుకు నేను రోజూ శిక్ష అనుభవిస్తున్నాను. పైగా నువ్వు వేసే శిక్ష ఇంకోటి.

ఈ బండి దగ్గర జరిగిన ప్రతి నాశనమూ నా స్వహస్తాలతో, నిజాయితీగా, ఎవరి సాయమూ లేకుండా జరిగింది. నా చేతకానితనాన్ని కుట్ర అని అవమానించకు. కుట్ర పన్నాలంటే పని తెలిసుండాలి.

రుజువు కావాలంటే విను. కమాన్ పట్టీ మార్చాను. దానికోసం పాత పిన్నులు ఎర్రగా కాల్చి, కొట్టి, మళ్ళీ కాల్చి, కనుబొమల్లో సగం పోగొట్టుకున్నాను. కట్ట మొత్తం బిగించి, జాకీ దింపి, బండి సమానంగా నిలబడితే ఆనందం పట్టలేక అమ్మని పిలిచి చూపించాను. తర్వాత బండి చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేశాను. కుడివైపు ముందు చక్రం ఎడమదానికన్నా వెనక్కి ఉంది. ఎందుకంటే ఆ కట్ట మధ్యలో ఉండే బోల్టు అసలు మధ్యలో ఉండదట. ముందు వైపు పొట్టి, వెనక వైపు పొడుగు. నేను తిరగేసి బిగించాను. అలాగే రోడ్డెక్కి ఉంటే నీ బండి ఎండ్రకాయలా పక్కకి నడుచుకుంటూ చర్చిలోకి పోయేది. మళ్ళీ అన్నీ విప్పాను. మళ్ళీ అన్నీ బిగించాను. నువ్వు ముట్టుకోవద్దన్న తర్వాత కూడా ముట్టుకున్నాను. కోపగించుకో.

కిందటి ఉత్తరంలో చమత్కారం కోసం రాసిన మాట నిన్ను పొడిచింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ పెద్దమ్మా, ఆయిలు కారలేదు. అది అబద్ధమని రాయలేను. నువ్వు చెప్పిందీ నిజమే, నేను చూసిందీ నిజమే అయితే, మధ్యలో నాకు తెలియనిది ఏదో ఉంది. ఆ రోజు నీ కాలు పెడలు మీద ఎలా ఉందో, ఎంతసేపు ఉందో, దిగేటప్పుడు ఎలా దిగిందో మొత్తం రాయి. నవ్వను.

రోలీ


గాండర్ కొండ
ఆగస్టు 2

ఒరేయ్,

కోపం వచ్చినప్పుడు నువ్వు కాస్త మనిషిలా రాస్తావు. డెల్బర్ట్‌కి ఇవాళ హకిల్‌బెర్రీ పళ్ళ పై పెట్టాను. ఇంకో ముక్క నీ పేరు చెప్పి గుడ్డలో కట్టాను. దారిలో వాడు తినేస్తే నా తప్పు కాదు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నువ్వు కంగారుపడ్డావన్నారు, కళ్ళజోడు మార్చుకోమన్నారు, అంతే.

ఆ రోజు నా ముందు గడ్డి మోపుల లారీ ఒకటి ఘాట్ మొదటి మలుపు నుంచీ పాకుతోంది. రెండో గేరులో పెట్టుకుని దాని వెనకే దిగుతున్నాను. గేరుకి తోడు బ్రేకు మీద కాలు లేతగా ఆన్చి ఉంచాను. తొక్కలేదు. దిగుడులో తొక్కే అలవాటు నాకు లేదు. మా నాన్న అలా నేర్పలేదు. రెండో మలుపు దాటాక, కాలు కింద పెడలు మెల్లిగా కదలడం మొదలైంది. రొట్టె పిండి బాగా పొంగాక పిడికిలి పెడితే ఎక్కడా అడ్డు చెప్పకుండా లోపలికి దిగుతుంది చూడు, అలా. ఊపు లేదు, శబ్దం లేదు. నేల తగిలేదాకా అలాగే దిగింది. కాలు ఎత్తి మళ్ళీ తొక్కుదామనేలోపు లారీ వెనక భాగం నా ముందు అద్దం నిండా వచ్చేసింది. హ్యాండ్ బ్రేకు ఎన్నో ఏళ్ళుగా పేరుకే ఉంది. ఎడమన లోయ. కుడివైపు కొండ, దాని కింద గుంట. గుంటే మేలనుకుని తిప్పాను.

మర్నాడు గుంటలోనే బండెక్కి నేను కూడా తొక్కి చూశాను. రాయిలా ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఇంకేమనేవాళ్ళో నాకు తెలుసు.

ఇంతే. దీంతో నువ్వేం చేస్తావో నాకు తెలియదు. సిలిండర్లు మార్చానన్నావు, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఇంకో మనిషి కావాలి. ఒక్కడివే పెడలుకి కర్ర దన్ను పెట్టి చెయ్యకు.

పెద్దమ్మ


కెటిల్ క్రీక్
ఆగస్టు 4

మహా ఘనత వహించిన పెద్దమ్మ గారి ఎదుట, ఈ రోజు పెరట్లో జరిగిన విచారణ వివరాలు సవినయంగా సమర్పించేది.

డెల్బర్ట్ ఇంకా కొండ దిగలేదు, నా ప్రశ్నలకి నీ జవాబు చేతికి రాలేదు. కానీ ఇది రాయకుండా ఉండలేను.

చక్రాలన్నీ బిగించాక గాలి తీయడం మిగిలింది. ఒకరు బండిలో కూర్చుని పెడలు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గరున్న చిన్న మర వదిలి, బుడగలు పోనిచ్చి బిగించాలి. నాకు రెండో మనిషి దొరకలేదు. హార్లన్ గడ్డి కోతల్లో ఉన్నాడు. ఊళ్ళో నా ఈడువాళ్ళందరికీ నన్ను చూడగానే పని గుర్తొస్తోంది. చివరికి అమ్మే వచ్చింది. ఎందుకు వచ్చిందో దాచుకోలేదు. ఇది తొందరగా అయిపోతే బండి అమ్మేసుకోవచ్చు, నా పాదుల పక్కనుంచి కదులుతుంది అంది. ఒళ్ళో బీన్స్ గంప పెట్టుకుని డ్రైవరు సీట్లో కూర్చుంది. ఒక పక్క కాలితో నొక్కడం, ఇంకో పక్క చేత్తో బీన్స్ తుంచడం.

మొదటి మూడు చక్రాలూ అయ్యాయి. నేను నొక్కమంటే నొక్కింది, వదలమంటే వదిలింది. మా ఇద్దరి మధ్య జూన్ నుంచి ఇంత సజావుగా జరిగిన సంభాషణ ఇదే. చివరిది ఎడమవైపు ముందు చక్రం, అంతకుముందు నన్ను అవమానించిన చక్రమే. పట్టుకో అన్నాను. పట్టుకుంది. మర మీద పానా జారిపోయింది. అంచులు అరిగిపోయాయి. ఇంకో పానా పెట్టాను, అదీ జారింది. ఈసారి ఇది కూడా ఎదురు తిరిగే జాతేమోనని అటు తిప్పాను, ఇటు తిప్పాను. అమ్మ ఉందన్న సంగతి కూడా మర్చిపోయి దాని వంశాన్ని తిడుతున్నాను. పైన బీన్స్ తుంచే చప్పుడు ఆగిపోయింది.

"రోలీ, మర తెరిచావా?" అంది అమ్మ.

"లేదు. తిరిగి చావట్లేదు."

"మరి నా కాలు దిగిపోతోందేంట్రా?"

కాలు ఎత్తి మళ్ళీ ఒకసారి గట్టిగా తొక్కమన్నాను. తొక్కింది. రాయిలా ఉందంది. ఇప్పుడు తొక్కకుండా ఊరికే ఆన్చి ఉంచమన్నాను. ఉంచింది. నేను బయటికి వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆవిడ బూటు వైపు చూస్తున్నాను. బూటు దిగుతూ దిగుతూ పోయి నేల మీద ఆగింది. ఎక్కడా చుక్క కారలేదు.

"పొంగిన రొట్టె పిండిలో పిడికిలి పెట్టినట్టుంది" అంది అమ్మ.

మళ్ళీ చేయమంటే చేసింది. నేను అడక్కుండా ఇంకోసారి కూడా చేసింది. తర్వాత, హార్లన్ ఆ రోజు ఎలా నొక్కి చూశాడని అడిగింది. ఒక్క తొక్కు తొక్కాడని చెప్పాను. నువ్వో అంది. నేనూ అంతే అన్నాను. గంప పక్కన పెట్టి, డెల్బర్ట్ బండి దింపి పోయిన సాయంత్రం తను కూడా ఎవరూ చూడకుండా ఎక్కి ఒకసారి తొక్కి చూసుకున్నానని చెప్పింది.

"అక్క బ్రేకు తొక్కదురా. కాలు ఆనిస్తుంది, అంతే. ఆ సంగతి నాకు తెలుసు. నేను పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూడలేదు."

ఆవిడ గంప తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

డ్రైవరు కాళ్ళ కింద పలకలు ఎత్తి, పెడలు తొక్కితే ఆయిల్ని చక్రాలకి తోసే మాస్టర్ సిలిండరు విప్పాను. అన్నీ మార్చినవాణ్ణి దాన్ని మాత్రం వదిలేశాను, బయటికి కారడం లేదు కదా అని. అది బయటికి కారదు, పెద్దమ్మా, లోపలే కారుతుంది. లోపలుండే రబ్బరు కప్పు అంచు అరిగి పలచబడిపోయింది. గట్టిగా తొక్కితే ఆ అంచు విచ్చుకుని గోడకి అంటుకుంటుంది, ఆయిల్ని ఆపుతుంది. మెత్తగా ఆనిస్తే అంటుకోదు. ఆయిలు దాని పక్కనుంచి మెల్లిగా వెనక్కి, డబ్బాలోకే జారుకుంటుంది. అంటే ఈ బండి మోటుగా తొక్కేవాళ్ళందరికీ బ్రేకు వేసింది. సున్నితంగా నడిపే ఒక్క మనిషికే వేయలేదు. ఇందులో ఏదో తత్వశాస్త్రం ఉంది కానీ నాకు ఓపిక లేదు.

కొత్త కప్పు వేశాను. ఇంకోసారి గాలి తీశాం. పరీక్ష నువ్వు పెట్టమన్నావా, నేను పెట్టమన్నానా, అమ్మ తనే పెట్టింది. మిగిలిన బీన్స్ అంతా తెచ్చుకుని, పెడలు మీద కాలు ఆన్చి, గంప ఖాళీ అయ్యేదాకా కూర్చుంది. కాలు తిమ్మిరెక్కింది కానీ పెడలు కదల్లేదు. దిగాక కుంటుకుంటూ వరండా దాకా వెళ్ళి, కుట్టుమిషను తిరిగి వెనక గదిలో పెట్టమని నాతో మోయించింది. ఎందుకని అడగలేదు. మిషను చాలా బరువుంది.

ఆగస్టు 6. కవరు అంటించబోతుంటే డెల్బర్ట్ నీ ఉత్తరం తెచ్చాడు. పై కూడా, సగం. చదివాను. రొట్టె పిండి అని నువ్వు రాసిన చోట అమ్మకి చూపించాను. ఆవిడ ఆ వాక్యం చదివి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివింది. మీ ఇద్దరికీ రొట్టె చేయడం నేర్పిన అమ్మమ్మ ఒక్కతే కదా. ఏమైనా రాయనా అని అడిగితే, తర్వాత నేనే రాస్తానంది. పరీక్ష పెట్టిన రాత్రి నుంచే బల్ల మీద కాగితం ఉంది, అందులో 'అక్కా' అని మాత్రమే ఉంది.

ఇట్లు,
ఒక్క తొక్కుతో తీర్పు చెప్పినవాళ్ళలో చిట్టచివరివాడు,
రోలీ


గాండర్ కొండ
ఆగస్టు 16

ఒరేయ్ రోలీ,

నీ ఉత్తరం డెల్బర్ట్ ఎదురుగా చదివాను. అదే పొరపాటైంది. వాడికి రెండు ముక్కల పై పెట్టి బయటికి పంపాల్సి వచ్చింది.

ఒక సంగతి నీకు మాత్రమే చెప్తున్నాను, మీ అమ్మకి చెప్పకు. ఈ రెండు నెలలూ మీ మీద కోపమని రాశాను గానీ, అందులో సగం నా మీద. ఈ గదిలో కుర్చీలో కూర్చుని, కుడికాలు పొయ్యి కాలు మీద పెట్టి, ఆన్చి, తీసి చూసుకునేదాన్ని. అనుకున్న చోటే పడుతోందా, పక్కకి పోతోందా అని. పడేది. పడినా నమ్మేదాన్ని కాదు. అందరూ ఒకే మాట అంటుంటే మన కాలు కూడా మనకి పరాయిదైపోతుందిరా. నువ్వు అడిగేదాకా ఆ రోజు ఎలా జరిగిందో నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

మీ అమ్మ ఆ ఉత్తరం రాయక్కర్లేదని చెప్పు. 'అక్కా' అని రాసింది కదా, చాలు. మిగతాది రాయడానికి దానికి పండగల దాకా పడుతుంది, అప్పటికి ఇద్దరం ఇంకేదో విషయానికి పోట్లాడుకుంటూ ఉంటాం. పక్కన కూర్చుని చూసేదాన్నని అందట కదా. ఆ మాట చాలాసేపు చదువుకున్నాను.

సెప్టెంబరు మొదటి శనివారం కొండ దిగుతున్నాను. కాలిబాట మొదట్లో బండి తెచ్చి ఉంచు. మీ అమ్మనీ తీసుకురా, రానంటే బీన్స్ గంపతో సహా ఎక్కించు. నడిపేది నేను. అది కిటికీ పక్కన కూర్చుంటుంది. నువ్వు మధ్యలో, గేరు కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంటావు. కమాన్ పట్టీలు నువ్వే బిగించావు కాబట్టి ప్రతి గతుకుకీ నువ్వే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఘాట్‌లో రెండో గేరు వేస్తాను. మొదటి మలుపు నుంచి మూడో మలుపు దాకా బ్రేకు మీద కాలు ఆన్చే ఉంచుతాను. ఆ కాసేపూ మీరిద్దరూ రోడ్డు చూస్తూ ఉండండి. నా కాలు వైపు ఎవరూ చూడొద్దు.

లియోటా పెద్దమ్మ